డ్రైవర్ వాంగ్మూలం

“బండి నువ్వే నడిపినవని చెప్పాలె. ఇగ వేరే తొవ్వ లేదు,” అన్నాడు మిల్లు సేటు నాగేశ్వర్ రావు.

జీపు నడుపుతున్నది అతని డ్రైవర్ పరశురాములు. మిర్యాలగూడ మిల్లు దగ్గర బయల్దేరిన పాత జీపు సూర్యాపేట రోడ్డెక్కింది. ఆ పొద్దున్నే సేటు కొడుకు చైతన్య నడుపుతున్న కొత్త స్పోర్ట్స్ కారు చివ్వెంల మలుపులో గొర్లమంద మీదికి దూసుకుపోయింది. తొమ్మిది గొర్లు చచ్చాయి. వాటిని తోలుకొస్తున్న అంజన్న అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. చైతన్య కారును రోడ్డు మీదే వదిలేసి, దోస్తు బండెక్కి ఇంటికొచ్చి తలుపు పెట్టుకున్నాడు.

“నేను ఆ బండిని ఒక్కనాడన్న నడపలే గద సేటూ. ‘ఇది నీ బండ్ల లెక్క గాదు’ అని చిన్న సేటు స్టీరింగు ముట్టనియ్యలే.”

“గది నీకు నాకు ఎరుక. ఠాణోళ్లకు ఎట్ల తెలుస్తది? నల్లద్దాలాయె. లోపల ఎవడున్నడో, దిగింది ఎవడో ఎవ్వలు సూడలే.”

పరశురాములు గేరు మార్చాడు.

“వచ్చే నెల వాని లగ్గం. జైలుకు పోతే వాని బతుకు ఖతం. వకీలును నేను పెడ్త, బెయిలు నేను ఇప్పిస్త. నీ బిడ్డ విజయ నర్సింగు చదువు ఆఖరు దాకా నా జిమ్మ,” అంటూ సేటు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఇరువై రెండేండ్లు నా ఉప్పు తిన్నవ్ పరశురాములూ.”

ఆ చెయ్యి బరువుగా ఉంది. సూర్యాపేట దాటేదాకా తియ్యలేదు.

“అట్లనే సేటూ,” అన్నాడు చివరికి.

చివ్వెంల ఠాణా గోడకు ఆనుకుని అంజన్న భార్య నర్సమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో మొగుడి గొంగడి. పరశురాములు ఒంటి మీది డ్రైవర్ చొక్కా చూసి లేచింది.

“అన్నా, నువ్వేనా నడిపింది? ఆయన చెయ్యెత్తిండే, దూరంకెల్లి సూసిన. ఆగుమని రెండు చేతులెత్తిండే. జరంత ఆపకపోతివి?”

పరశురాములు అక్కడే ఆగిపోయాడు. సేటు వెనక నుంచి వీపు మీద నెట్టి, “లోపలికి నడువు,” అన్నాడు.

లోపల ఎస్సై కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పక్కనే, అప్పుడే కారును పరీక్ష చేసి వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రుమాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. కోదాడ మనిషి.

“చెప్పు. ఎట్ల జరిగింది?” అన్నాడు ఎస్సై.

“కోదాడ నుంచి వస్తున్న సార్. మలుపుల గొర్లమంద కనవడ్డది. ఎంటనే క్లచ్ తొక్కిన. నాలుగో గేరు నుంచి రెండో గేరుకు గుంజిన. అయినా ఆగలే.”

“మస్తు అనుభవం ఉన్నోడు సార్,” అన్నాడు సేటు. “ఆగేదే అయితే ఆపెటోడు.”

ఎస్సై రాసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ రుమాలు పక్కన పెట్టాడు.

“ఏం తొక్కావయ్యా?”

“క్లచ్ సార్.”

“ఏ కాలుతో?”

“ఎడమ కాలుతోని సార్.”

“ఎస్సైగారూ, రాయడం ఆపండి. ఆ కారుకు క్లచ్ లేదు. ఉన్నవి రెండే పెడళ్లు, బ్రేకు, యాక్సిలరేటర్.”

నాగేశ్వర్ రావు ముందుకొచ్చాడు. “క్లచ్ లేని కారు ఉంటదా సార్?”

“కొన్నది మీరేగా, మీకే తెలీదా? ఇప్పుడు ఇలాంటి కార్లు చాలావరకు ఇంతే. గేర్లు అవే మార్చుకుంటాయి. మనిషి క్లచ్ తొక్కి రాడ్డు లాగేలోపు అది రెండు గేర్లు మారిపోతుంది. వేగం కోసం కొనేవాళ్లకు మనిషి చెయ్యి ఆలస్యం అనిపిస్తుంది. గేరు రాడ్డు కావాలని అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆ కొద్దిమంది కోసం కంపెనీవాళ్లు వేరేగా చెయ్యడం మానేశారు. మీరు కొన్న మోడల్లో అయితే రాడ్డు బండి అసలు రాదు.” పరశురాములు వైపు వేలు చూపించాడు. “ఇతను ఆ సీట్లో కూర్చోలేదు.”

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. “ఇగ చెప్పు సేటూ. ఎవరు నడిపిన్రు?”

సేటు కొడుకుకు ఫోన్ చెయ్యబోతే ఎస్సై ఫోను లాక్కున్నాడు. చైతన్యను తేవడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు మిర్యాలగూడకు బయల్దేరారు.

బయటికి రాగానే నాగేశ్వర్ రావు పరశురాములు కాలర్ పట్టుకున్నాడు.

“ఎడ్డిముండాకొడకా! ఇన్నేండ్లు బండి నడిపినవ్, ఆ కారుకు క్లచ్ ఉన్నదో లేదో గూడ తెల్వదార? నా కొడుకును నిండ ముంచినవ్ గదరా! మిల్లు దిక్కు వస్తే కాళ్లిరగ్గొడ్త. నీ బిడ్డ చదువు గూడ ఇయ్యాల్టితోని బంద్!”

జీపు తాళాలు లాక్కుని విసురుగా వెళ్లిపోయాడు. పరశురాములు నలిగిన కాలర్ సర్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు. విజయకు ఇంకా రెండేళ్ల చదువుంది. ఇంటికి పోయి ఆమెకేం చెప్పాలో తోచలేదు.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగి వచ్చి అతని పక్కన ఆగాడు.

“మంచి పనే అయిందిలే. లేకపోతే అన్యాయంగా లోపలికి పోయేవాడివి. అయినా ఆ కారులోకి ఒక్కసారైనా తొంగిచూడలేదా నువ్వు?”

పరశురాములు గోడ దగ్గర కూర్చున్న నర్సమ్మ వైపు చూశాడు.

“రోజు పొద్దుగాల ఆ రెండు పెడళ్లు తుడిచేది నేనే సార్.”