రాయికి తలంటు

"అయ్యయ్యో అత్తయ్యా, ఏం చేశారు!" కోడలు చేతిలో సంచీ జారవిడిచింది.

బాల్కనీలో పాత దుప్పటి మీద రాయి ఆరుతోంది. పక్కనే పళ్ళెంలో ఇసుక. రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఎంత మురికి పట్టి ఉందో!" అత్తగారు బ్రష్షు పట్టుకుని గర్వంగా నిలబడింది. "వేడినీళ్ళు పోసి రుద్దేశాను. ఇసుకని బియ్యం కడిగినట్టు మూడు నీళ్ళు కడిగాను. చేపల్లేని తొట్టికి ఇంత పాచేమిటే, విడ్డూరం కాకపోతే!"

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. అది మామూలు రాయి కాదు. సముద్రంలోంచి తెచ్చిన, ప్రాణమున్న రాయి. దాని బొరియల్లోనూ ఆ ఇసుకలోనూ కంటికి కనబడని జీవులు లక్షలకు లక్షలు. ఉప్పునీటి తొట్టిని శుభ్రంగా ఉంచేది అవే. అవి కుదురుకున్నాకే చేపలు. రెండు నెలలుగా మొగుడుగారు ఈ పురాణం విప్పని రోజు లేదు. మొన్న ఆఫీసు పని మీద ఊరెళ్తూ, గుమ్మంలో కూడా అదే పాట.

"వేడినీళ్ళు తగిలాయో, అంతే సంగతులు! ముందు కుళ్ళిన గుడ్ల కంపు, ఆ తర్వాత ఉత్త సున్నపు ముద్ద. చెయ్యి పెట్టకు!"

అన్నీ కళ్ళారా చూసినట్టే చెబుతాడు మహానుభావుడు. పోయిన నెల "రాయి ఆకారం మారినట్టుందేమిటండీ?" అని అడిగితే, "ప్రాణమున్నది పెరగదా, పిచ్చిదానా!" అని నవ్వాడు. కాబోలనుకుంది.

పాపం, అత్తగారికి ఇవేమీ తెలియవు. వీళ్ళు ఈ ఊరికి మారాక ఆవిడ రావడం ఇదే మొదటిసారి. కొడుకు పొద్దున వెళ్తే, ఆవిడ అదే సాయంత్రం దిగింది.

సంగతి వినగానే ఆవిడ కుర్చీలో కూలబడింది. "లక్షల ప్రాణాలా! చీమను చూస్తే పక్కకి తప్పుకునేదాన్నే! వాడిక నా మొహం చూస్తాడా? చిన్నప్పుడు గాలిపటం చింపానని వారం రోజులు మాట్లాడలేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊరుకోండి. రేపు ఆయనొచ్చేసరికి కొత్త రాయి తొట్టిలో ఉంటుంది. బయటపడితే నేనే కడిగానంటాను."

"ఇంకా నయం! నా తప్పు నీ నెత్తిన రుద్దనా?"

"నామీద ఎంత అరిచినా కాఫీ వేళకి ఆయనే దిగొస్తారు. మిమ్మల్ని ఒక్క మాటన్నా మీ మనసు విరిగిపోతుంది. పదండి."

అత్తగారు కళ్ళు తుడుచుకుని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ అక్వేరియం దుకాణానికి పరుగెత్తారు.

ఇంటికొచ్చి తొట్టి అమర్చి వెళ్ళినాయనే కౌంటర్లో ఉన్నాడు. అత్తగారు దొంగలా తలవంచుకుని కోడలి వెనక నిలబడింది. కోడలు ఫోన్లో తొట్టి ఫోటో చూపించింది.

"అచ్చం ఇలాంటి రాయి, ఇంత ఇసుక కావాలండీ. తెలీక నేనే వేడినీళ్ళతో కడిగేశాను."

దుకాణదారు ఫోటో చూశాడు. ఆమెను చూశాడు. పకపకా నవ్వాడు.

"ఈసారి మీరా మేడమ్? పోయిన నెల 'మా అమ్మ వేడినీళ్ళతో కడిగి పారేసిందయ్యా' అని సారే వచ్చి కొత్తది పట్టుకెళ్ళారు!"