ఇద్దరు మాస్టార్లు, ఒక్క పాఠ్యపుస్తకం

"చెప్పమ్మా, నాన్చకు. ఏది పెడదాం?" బల్ల మీది రెండు పుస్తకాలనూ చిన్న లెక్చరరమ్మ ముందుకు తోసింది హెడ్డు మేడమ్.

రెండూ సాహిత్య సిద్ధాంతాలే. తలకింద పెట్టుకుంటే దిండ్లు అక్కర్లేదు. కళ్ళజోడు మాస్టారిదేమో, రచన చాలు, రాసిందెవరో అనవసరం అంటుంది. గొంతు మాస్టారిదేమో, రాసినవాళ్ళ బతుకు తెలియకుండా రచన జోలికే పోవద్దంటుంది. వచ్చే ఏడు పిల్లలకు పాఠంగా ఒక్కటే ఉండాలి. మాస్టార్లిద్దరూ ఎదురెదురుగా కోడిపుంజుల్లా కూర్చున్నారు.

తేల్చాల్సింది చిన్న లెక్చరరమ్మ. ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఆ కాగితం మీద మాస్టార్లిద్దరూ సంతకం పెట్టాలి. ఏ ఒక్కరు అలిగినా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"మా అమ్మాయి న్యాయంగా చెబుతుందిలెండి," అన్నాడు కళ్ళజోడు మాస్టారు, ఆమెకేసి అదోలా చూస్తూ.

"మీ అమ్మాయేంటండీ, మా అమ్మాయి!" గొంతు మాస్టారి అరుపుకు కిటికీ అద్దం అదిరింది. "అసలు మీ పుస్తకంలో ఏముంది? ఊకదంపుడు! చదివితే జ్వరమొచ్చింది."

చిన్న లెక్చరరమ్మ మొహం మాడిపోయింది.

"మీదో? బుర్ర ఉన్నవాళ్ళు రాసినట్టే లేదు!"

ఈసారి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చూశారా, నన్నంటే పిల్ల తట్టుకోలేకపోతోంది," అని మురిసిపోయాడు గొంతు మాస్టారు.

మేడమ్ విసుక్కుంది. "చాల్లెండి సంబడం. పోనీ, చెరో మంచి ముక్క చదివి వినిపించండి."

కళ్ళజోడు మాస్టారు తన పుస్తకాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఆ ముక్క ఎక్కడుందబ్బా..."

"ఐదో అధ్యాయం మొదట్లో సార్," అందించింది చిన్న లెక్చరరమ్మ.

గొంతు మాస్టారు కూడా వేలు తడిచేసుకుని పేజీలతో కుస్తీ పడుతున్నాడు.

"మీది చిట్టచివర సార్."

"అమ్మో, రెండూ నమిలి మింగేశావే! మరి చెప్పడానికి ఏం రోగం?" అంది మేడమ్.

చిన్న లెక్చరరమ్మ చెయ్యి ఒక పుస్తకం దాకా వెళ్ళి, రెండోదాని మీదికి జరిగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"రెండూ వద్దు మేడమ్. రెండూ హడావుడిగా రాసినవే."

"హడావుడా!" కళ్ళజోడు మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఏళ్ళ తరబడి రక్తం ధారపోశాను! నీ కాగితం మీద సంతకం ఎవడు పెడతాడో చూస్తా."

"నేను మాత్రం పెట్టను," అన్నాడు గొంతు మాస్టారు. వాళ్ళిద్దరూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు.

ఇద్దరి వెనకా తలుపు ధడాలుమంది.

మేడమ్ తల పట్టుకుంది. "చేజేతులా పోగొట్టుకున్నావు కదే పిచ్చిపిల్లా! అంతంత పుస్తకాలు రాసినవాళ్ళ కష్టం నీకేం తెలుసు?"

రెండూ రాసింది ఆ పిచ్చిపిల్లే.