కదిలిన కుంకుడుకాయ

పచ్చికబయల్లో జంతువులు కర్రలతో కుంకుడుకాయను కొట్టి బొరియలో వేసేవి. తక్కువ దెబ్బల్లో వేస్తే గెలుపు. ఒళ్లు తగిలి కాయ కదిలినా ఒక దెబ్బ కిందే లెక్క. దెబ్బలు లెక్కపెట్టడానికి ఎవరికి కావలసినవాళ్లను వాళ్లు వెంట తెచ్చుకునేవారు. ఏడాది చివర అందరికన్నా ముందున్నవాళ్లకు నెమలీక. అందరికన్నా వెనకున్నవాళ్లకు మరుసటి ఏడు ఆటలో చోటుండదు.

ఉడుతకు ఆ ఆటంటే ప్రాణం. ఈసారి ఆఖరి ఆటలో దాని తోక తగిలి కాయ కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు.

"కాయ కదిలింది, నాకింకో దెబ్బ కలపండి" అని ఉడుతే చెప్పింది. ఆ ఒక్క దెబ్బతో అందరికన్నా వెనకబడింది.

నెమలీక ముంగిసకు దక్కింది. అది ఈకతో నేరుగా పొద వెనక ఒంటరిగా కూర్చున్న ఉడుత దగ్గరికొచ్చింది.

"వచ్చే ఏడు నా దెబ్బలు లెక్కపెడతావా?" అంది.

"ఆటలోనే లేనిదాన్ని, నేనెందుకు?"

"మళ్లీ గెలిస్తే అందరూ నమ్మాలిగా. నువ్వు లెక్కపెట్టావంటే ఇక లెక్క నిజమేనా అని ఎవరూ అడగరు."

ఉడుత తోకతో కళ్లు తుడుచుకుంది. "నీకూ తోకుంది. కాయకు తగిలితే చెప్పేస్తాను మరి."

"అందుకే పిలుస్తున్నా" అంది ముంగిస.