మూడో కౌంటర్

"వంతెన తనిఖీ రిపోర్టు ఒక్కసారి చూపించండమ్మా. తీసుకెళ్లను. ఇక్కడే నిలబడి చూసి ఇచ్చేస్తాను."

మూడో కౌంటర్లో ఉన్నావిడ తల అడ్డంగా ఊపింది. అద్దానికి అవతల ఆవిడ, ఇవతల నలిగిన చొక్కాలో ఆ మనిషి. మాట వెళ్లడానికి అద్దంలో పిడికిలంత కన్నం. ఆ ఆఫీసులో పారదర్శకంగా ఉన్నది ఆ అద్దమొక్కటే.

మొదటి కౌంటరాయన వినకుండానే "తర్వాత రండి" అన్నాడు. రెండో ఆయన అంతా విని, "అది వంతెన కట్టిన కంపెనీ వ్యాపార రహస్యం" అన్నాడు. ఊరంతా రోజూ దాని మీదే తిరుగుతుంటే అందులో రహస్యమేమిటో! ఇద్దరికీ దణ్ణం పెట్టి ఇవతలికొచ్చాడు. వాళ్లతో పని అయిపోయింది. మిగిలింది ఈవిడే.

ఆవిడ వెనక గోడకి కొత్త చట్టాన్ని ఫ్రేము కట్టించి తగిలించారు. ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ కలిసి కట్టినదాని గురించి ఏమైనా అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉందట. అక్షరాలు అరచేయంత ఉన్నాయి. అడుగున మినహాయింపులు మాత్రం చీమల బారులా ఉన్నాయి. పక్కనే వంతెనకి రిబ్బను కత్తిరించిన నాటి ఫొటో. అందులో అందరూ నవ్వుతున్నారు. వంతెన అడుగుభాగం ఎవరూ ఫొటో తీయలేదు.

"చట్టం ఉంది కదమ్మా?"

"ఉందండీ. రోజూ దుమ్ము కూడా దులుపుతాం."

అతను నవ్వలేదు. కన్నం దగ్గరికి వంగాడు.

"మా పాప రెండో క్లాసు. స్కూలు బస్సు ఆ వంతెన మీదుగానే వెళ్తుంది చెల్లెమ్మా. మధ్యలో ఒకచోట బస్సు ఎగిరిపడుతుందట. ఆ చోటు ఎప్పుడొస్తుందా అని పిల్లలంతా కాచుకుని ఉంటారట, కేకలేసి నవ్వడానికి. నిన్న ఏమందో తెలుసా? 'నాన్నా, ఇప్పుడు ఇంకా పైకి ఎగురుతున్నాం' అంది."

ఆవిడ చేతిలో స్టాంపు గాల్లోనే ఆగిపోయింది.

అతనూ అక్కడితో ఆపేశాడు. కళ్లు ఒత్తుకున్నాడు.

"పై ఆఫీసులో అడగండి" అంది చివరికి.

"పైవాళ్లే నన్ను ఇక్కడికి పంపింది."

"నా చేతిలో ఏముందండీ? ఈ ఆఫీసు నడపడంలో కూడా ఆ కంపెనీకి వాటా ఉంది. మా జీతాలు వాళ్లిచ్చేవే. ఒక్క మాట బయటికి పొక్కిందంటే సాయంత్రానికి నా కుర్చీ ఉండదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

"కాగితం వద్దు. ఏమీ ఇవ్వొద్దు. సొంత అన్న అడిగితే ఏం చెబుతావో అదే చెప్పు. రేపు పాపని బస్సెక్కించనా, వద్దా?"

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. పక్క కౌంటర్లవాళ్లు భోజనానికి లేచారు. ఆవిడ అటూ ఇటూ చూసింది. తన అన్నం డబ్బా పైకి తీసి, మూత విప్పకుండానే మళ్లీ కింద పెట్టేసింది. మొహం కన్నం దగ్గరికి తెచ్చింది.

"నాకూ ఒక కొడుకున్నాడు అన్నయ్యా."

"ఊఁ."

"వాడికి బస్సు మాన్పించేశాను. పాత రోడ్డున చుట్టూ తిరిగి నేనే దింపి వస్తున్నాను. రోజూ ఆలస్యమవుతోంది, రోజూ తిట్లు తింటున్నాను. ఎందుకన్నది ఇక్కడెవరికీ చెప్పలేదు." ఊపిరి పీల్చుకుంది. "ఆ నడిమి స్తంభం... ఇంకేం అడక్కండి. పాపని మాత్రం ఎక్కించకండి."

అతను రెండు చేతులూ జోడించాడు.

"నీ మేలు మర్చిపోను. నీ పేరేమిటి తల్లీ? దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు తలుచుకుంటాను."

ఆవిడ చెప్పింది. చెప్పి, ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దింపుకున్నట్టు చిన్నగా నవ్వింది.

బయట ఎండ మండిపోతోంది. దూరంగా వంతెన మీద బళ్లు బారులు తీరి కదులుతున్నాయి. వాటి మధ్య ఒక స్కూలు బస్సు ఎగిరిపడి, మళ్లీ దారిన పడింది.

పిల్లాజెల్లా లేని ఆ మనిషి గోడ నీడకి చేరి, కంపెనీ మేనేజరుకి ఫోన్ కలిపి, "మొదటి ఇద్దరూ గట్టివాళ్లే సార్, మూడో కౌంటరావిడే నోరు జారింది, పేరు రాసుకోండి" అన్నాడు.