తెల్లచీరల పంపకం

"మీరెందుకొచ్చేరండి?" సభ ఏర్పాట్లు చూస్తున్న పాపారావు గొంతు తగ్గించి అడిగాడు. "చీర ఇంటికే పంపిస్తానన్నాను కదండీ."

చీరల కోసం నిలబడ్డ, యుద్ధంలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళ వరసలోంచి వీరవేణి కదల్లేదు. పొద్దున్నే పలివెలలో బస్సెక్కి అమలాపురం వచ్చింది.

"చీర నాకక్కర్లేదండి. ఆయన ఒక్కసారి నా మొహం చూడాలి."

"ఎలక్షనండి. ఆయన పరువు పోతుందండి."

"నా పరువు సంగతేంటండి?"

పాపారావు వెనక్కి చూసుకుంటూ వేదికెక్కాడు.

యుద్ధంలో సరుకుల ఓడ మీద కలాసీగా వెళ్ళి, అది మునిగితే చెక్కపలక పట్టుకుని బతికిన మాణిక్యాలరావు ఇప్పుడు శాసనసభకు నిలబడ్డాడు. మైకు ముందు తోటివాళ్ళ చావులు చెబుతూ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. పక్కన ఆయన చేసుకున్న ప్లీడరుగారమ్మాయి పట్టుచీరలో మెరిసిపోతోంది. ఆ దొంగ ఏడుపు చూస్తూ వీరవేణి వరసలో ఒకడుగు ముందుకేసింది.

ఆమె మొగుడూ ఆ ఓడలోనే వెళ్ళాడు. ఓడ మునిగింది, ఎవరూ మిగల్లేదని తంతి వచ్చింది. శవం దొరకలేదు గనక దర్భలతో బొమ్మ చేసి గోదారొడ్డున దహనం చేశారు. ఆమె గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపేశారు. అప్పటికి కాపరానికొచ్చి ఏడాది తిరగలేదు.

యుద్ధమయ్యాక మాణిక్యాలరావు ప్రాణాలతో దిగాడు. ఎక్కడికెళ్ళినా దండలే, సభలే. మరి వీరవేణి సంగతేమిటని ఎవరో పెద్దల్ని అడిగారు. కర్మ జరిగిపోయింది, తిరగదోడకూడదన్నారు పెద్దలు. అదే సబబన్నాడట మాణిక్యాలరావు కూడా. ఆ మాట విన్ననాటి నుంచి ఆయన పేరు చెబితేనే ఆమెకు రోత.

ఆమె వంతు వచ్చింది. మాణిక్యాలరావు ఫొటోగ్రాఫరు వైపే చూస్తూ తెల్లచీర చాచాడు.

"తీసుకో చెల్లెమ్మా. నీ భర్త నాకు తమ్ముడిలాంటివాడు."

"ఇటు చూసి చెప్పండి," అంది వీరవేణి.

చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మొహం పాలిపోయింది. అదీ క్షణమే. మళ్ళీ నవ్వు పులుముకున్నాడు.

"తీసుకో చెల్లెమ్మా," అన్నాడు ఇంకా మెత్తగా.

వీరవేణి ఆ చీర మీద కాండ్రించి ఉమ్మింది.

పందిరంతా గగ్గోలైంది. వాలంటీర్లు ఆమెను రెక్క పట్టుకుని కిందికి లాగారు. పాపారావు గబగబా మైకు అందుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. మొగుడు పోయిన దుఃఖంలో మతి చలించిందండి, పాపం."

జనం అయ్యో అనుకున్నారు. మాణిక్యాలరావు కండువాతో మళ్ళీ కళ్ళొత్తుకున్నాడు.

ఆమె మెడలో తాళి కట్టినవాడు ఆయనే.