మజ్జిగ ముట్టని ఒప్పందం

ఎలుకల మీద మందులు పరీక్షించడం నిషేధించాక ఆ కొలువులన్నీ మనుషులకొచ్చాయి. అప్పలనర్సయ్యకి కడుపులో పుండు ఉండబట్టి ఆకురసాల కంపెనీలో చోటు దొరికింది. రోజూ వాళ్లు పంపిన ఆకురసం తాగి, వంటింటి గోడ ముందు కూర్చుని భోంచెయ్యాలి. ఆ గోడకి కంపెనీవాళ్లు బిగించిన కన్ను అతని కంచాన్నీ, కడుపులో పుండునీ కూడా చూస్తుంది. షరతు ఒక్కటే, మజ్జిగ ముట్టకూడదు.

"మజ్జిగన్నం తినకుండా కంచం ముందునుంచి లేస్తారేటి? నా ఇంట్లో కుదరదు" అంది భార్య పైడితల్లి. రోజూ ఆఖరి ముద్ద వేళకి గోడ కన్ను మీద తడి తువ్వాలు ఆరేసేది.

నెల తిరక్కుండా పుండు మానింది. అంతా తమ రసం మహిమేనని కంపెనీవాళ్లు అతనికి జరీ శాలువా కప్పారు. మజ్జిగ సంగతి బయటపడితే కొలువు ఊడుతుందని అతను నోరెత్తలేదు.

ఆర్నెల్లకి ఆ రసం ఇంటింటికీ చేరింది, గోడ కన్నుతోనూ మజ్జిగ షరతుతోనూ సహా. ఓ మధ్యాహ్నం పక్కింటి సన్యాసమ్మ పొట్ట పట్టుకుని వచ్చింది.

"నాలుగు సీసాలు తాగాను వదినా, మంట తగ్గలేదు. అన్నయ్యకి ఎలా తగ్గిందో?"

పైడితల్లి మొగుడి వంక చూసింది. అప్పలనర్సయ్య లేచి, పెట్టెలోంచి జరీ శాలువా తీసి గోడ కన్నుకి కప్పాడు.

"కూర్చో చెల్లెమ్మా" అన్నాడు. "పైడీ, మజ్జిగ కుండ ఇలా తే."