రెండు రోజుల పురుగు

కట్టు విప్పగానే పెద్ద నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది.

ముసలమ్మ మడమ పుండు నిండా పురుగులు. తెల్లగా, లావుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి లుకలుకలాడుతున్నాయి. ఛీ, ఆ కంపొకటి! ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమె అంత రోత ఎన్నడూ చూడలేదు.

మంచం పక్కన నిలబడ్డ ఆడమనిషిని చూస్తే ఒళ్లు మండిపోయింది. వెలిసిపోయిన బట్టలు, రేగిన జుట్టు.

"కన్నతల్లిని ఇలా కుళ్లబెట్టి తెచ్చావా? నువ్వూ ఒక కూతురివేనా?"

ఆ మనిషి పట్టకారు అందుకుంది. నర్సు పుండులో టర్పెంటైన్ చుక్కలు వేసి మొహం పక్కకు తిప్పుకుంటే, పైకి తేలిన పురుగుల్ని ఆమే ఒక్కొక్కటిగా ఏరి గిన్నెలో వేసింది. ఇంకొక్కటే, ఇంకొక్కటే అని ముసలమ్మను బుజ్జగిస్తూ ముప్ఫై ఏడు తీసింది.

నర్సు కరగలేదు సరికదా, చేసిందంతా చేసి ఇప్పుడు నటనా అనుకుంది. పురుగులు ఇంటి నుంచే వచ్చాయని ఫిర్యాదు రాసింది. సాక్ష్యం కోసం నాలుగింటిని సీసాలో వేసి ల్యాబుకు పంపింది. కాపలావాడిని పిలిచి ఆ మనిషిని గేటు దాటించమంది.

"పెద్దామెకు చేతులు వణుకుతాయి సిస్టర్. గంజి చెంచాతో పట్టాలి," అంది ఆ మనిషి వెళుతూ.

నర్సు వినిపించుకోలేదు.

మర్నాడు పురుగుల డాక్టరు ఫోన్ చేశాడు. ఏ పురుగు ఏ ఈగదో, దాని వయసెంతో తేల్చడమే ఆయన పని.

"ఇవి ఆకుపచ్చ ఈగ పిల్లలమ్మా. తోక దగ్గర ఊపిరి చీలికలు ఇంకా రెండేసే ఉన్నాయి, ఎదిగితే మూడేసి అవుతాయి. అంటే గుడ్డు పెట్టి రెండు రోజులు. పేషెంటు మీ దగ్గరికొచ్చి ఎన్నాళ్లయింది?"

ఐదు రోజులు.

నర్సు ఫోన్ పెట్టేసింది. చేరిన రోజున ఆ కంపు భరించలేక, పాత కట్టు విప్పకుండా దాని మీదే కొత్తది చుట్టి, పుండు శుభ్రం చేసినట్టు రాసింది తనే. కిటికీ జాలీ చిరిగి ఈగలు లోపలికొస్తుంటే చూస్తూ ఊరుకున్నదీ తనే. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఫిర్యాదు రాసిందీ తనే. ఆ పురుగుల్ని చూసినప్పటికంటే ఇప్పుడు తనను తలుచుకుంటేనే ఎక్కువ అసహ్యమేసింది.

గేటు దగ్గరికి పరుగెత్తింది. ఆ మనిషి నిన్న చాలాసేపు బతిమాలి, లోపలికి రానివ్వకపోయేసరికి వెళ్లిపోయిందట. ఎటు వెళ్లిందో కాపలావాడికి తెలియదు.

నర్సు తిరిగొచ్చి ముసలమ్మ పక్కన కూలబడింది.

"మీ అమ్మాయి ఉండేదెక్కడో చెప్పు పెద్దమ్మా. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

ముసలమ్మ వింతగా చూసింది.

"నాకు పిల్లల్లేరమ్మా. ఆవిడ ఎవరినో చూడ్డానికొచ్చి వార్డు తప్పింది, నా పక్కన ఎవరూ లేరని ఉండిపోయింది."